ట్యాంకు నింపి పెట్టమన్నది నేనే

షట్టరు ఎత్తేటప్పుడు నా కుడి భుజం రోజూ ఒకసారి నన్ను తిడుతుంది. అందులో దాని తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా దానిచేత ఇంజన్ల తాళ్లు లాగిస్తున్నాను. పులివెందులలో బస్టాండుకు రెండు సందుల అవతల నా షాపు. మోటారు సైకిళ్లు చూడను, కార్ల జోలికి అసలే పోను. చేత్తో పట్టుకునేవి, వీపున మోసేవి, ముందుకు నెట్టుకుంటూ పోయేవి, అంటే తోటల్లో వాడే చిన్న పెట్రోలు ఇంజన్లే నా దగ్గరికి వస్తాయి. చీనీ చెట్లకు, అదే బత్తాయికి, మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు, సాళ్ల మధ్య గడ్డి కోసే మిషన్లు, కొమ్మలు కోసే రంపాలు.

మూడు నాలుగేళ్లుగా పని బాగా పెరిగింది. పని పెరిగితే మెకానిక్కు సంతోషపడాలి కదా అంటారు చూసేవాళ్లు. నాకు మాత్రం విసుగు పెరిగింది. వచ్చేవన్నీ ఒకే రోగంతో వస్తాయి. ట్యాంకు నుంచి కార్బరేటరుకు పోయే సన్నటి పైపు ఎండిన మునక్కాయలా బిరుసెక్కి, వంచితే పుటుక్కున విరుగుతుంది. కార్బరేటరు విప్పితే లోపల తెల్లటి పొడి, మూలల్లో పచ్చటి చిలుము. అందులో ఉండే పలుచటి రబ్బరు పొర అప్పడంలా గట్టిపడి ఉంటుంది. మారుస్తాను, శుభ్రం చేస్తాను, తాడు లాగి స్టార్ట్ చేసి చూపిస్తాను. రెండు నెలలకు మళ్లీ అదే మిషను, అదే మనిషి.

"మొన్న మొన్ననే గదప్పా చేసినావు, మళ్లా ఏందిది?" అంటాడు. వాడి చూపులో అనుమానం కనపడుతూనే ఉంటుంది. నాకు మండిపోతుంది. పాతికేళ్లు ఎవరూ అట్లా చూడలేదు నన్ను.

పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారని తెలియక కాదు. బంకులో స్టిక్కరు అంటించారు. టీవీలో మంచిదని ఒకడు, చెడ్డదని ఒకడు గొంతు చించుకున్నారు. చెరకు నుంచి తీసిన సారాయి లాంటిదే అంట అని షాపులో కూర్చున్నవాళ్లు నవ్వుకున్నారు. "మనుషులు తాగింది చాలక ఇంజన్లకు గూడా అలవాటు చేస్తాండారు మామా" అని నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. పైపులు పాడవడానికి అదొక కారణమై ఉంటుందని లోపల అనుకుంటూనే, డూప్లికేట్ సామాను అమ్ముతున్నారని ప్రొద్దుటూరు స్పేరుపార్ట్ల షాపాయన్ని తిట్టుకునేవాణ్ని. ఎదుటి మనిషిని తిట్టుకోవడం తేలిక కదా.

నేను పుట్టింది ప్రొద్దుటూరులోనే. మా నాయన మగ్గం నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. పదిహేనో ఏట మా నాయన నన్ను జమ్మలమడుగులో ఒక ఉస్తాద్ దగ్గర వదిలిపెట్టి, "ఈడన్నా కుదురుగా ఉండు" అని చెప్పి బస్సెక్కాడు. ఉస్తాద్ బావుల మీది కిరసనాయిలు ఇంజన్లు బాగుచేసేవాడు. చెవి ఆనించి వింటే చాలు, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. ఎనిమిదేళ్లు ఆయన కింద పని చేశాను. మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే అన్నం. అప్పటికి ఆయన కొడుకు తప్పటడుగులు వేసే పిల్లవాడు. నా చంకలో కూర్చుని నా జేబులోని స్క్రూడ్రైవరు లాగేవాడు.

ఉస్తాద్ చెప్పిన సూత్రాలు చాలా ఉన్నాయి కానీ ఒకటి మాత్రం ప్రతి రైతుకూ చెప్పి పంపేవాడు. సీజను అయిపోయి ఇంజను పక్కన పెట్టేటప్పుడు దాన్ని నీళ్లతో శుభ్రంగా కడగాలి, ఆరబెట్టాలి, ట్యాంకు మూతదాకా నింపి పెట్టాలి. "ఖాలీగా పెడితే రేకుకు లోపల చెమట పడ్తాది బేటా, చెమట పడితే తుప్పే. నిండా ఉంటే గాలికి చోటుండదు" అనేవాడు. ఆ రోజుల్లో ట్యాంకులన్నీ ఇనప రేకువి. ఆయన మాట విన్నవాళ్ల ఇంజన్లు ఏడాది తర్వాత కూడా రెండు లాగులకు అందుకునేవి. నేను స్వయంగా చూశాను.

పులివెందులకు వచ్చి షాపు పెట్టాక ఆ మాట నాదైపోయింది. మిషను ఇచ్చి పంపేటప్పుడు నోటికి వచ్చేసేది: "కడిగి, ట్యాంకు నింపి పెట్టప్పా." ట్యాంకులు రేకువి పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి. ప్లాస్టిక్‌కు తుప్పేమిటి అని నేను ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. ఉస్తాద్ చెప్పాడు, నేను చెబుతున్నాను, అంతే. ఇడుపులపాయ దిక్కు నుంచి గండి దాకా తోటలున్న వాళ్లలో నా నోటి నుంచి ఈ మాట వినని వాళ్లు తక్కువే.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పద్నాలుగేళ్లు చేశాడు. రెండేళ్లకొకసారి వచ్చేవాడు, నెల ఉండి పోయేవాడు. కిందటేడాదికి ముందటేడు మాత్రం పెట్టెలన్నీ సర్దుకుని వచ్చేశాడు. వచ్చిన వారానికే నా షాపుకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"చిన్నపాప నన్ను ఆయన అంటాది అన్నా. 'అమ్మా, ఆయన పిలుస్తాండాడు' అంటాది. ఇంగ పోను. ఏం చేసైనా ఈడే బతుకుతా."

వాడికి ఏం పని దొరుకుతుందా అని ఇద్దరం చాలా ఆలోచించాం. గడ్డి మిషన్ల ఉపాయం నాదే. వానలు మొదలైతే చీనీ తోటల్లో గడ్డి మోకాలి ఎత్తు లేస్తుంది. కోసే కూలీలు దొరకరు. రెండు మిషన్లు కొనుక్కుని, ఒకటి తను, ఒకటి ఇంకో మనిషి పట్టుకుంటే, ఆషాఢం నుంచి మార్గశిరం దాకా చేతినిండా పని. వాడు తెచ్చుకున్నదంతా వాటి మీదే పెట్టాడు. పెట్రోల్లో టూటీ ఆయిలు ఏ పాళ్లలో కలపాలో నేనే నేర్పాను. ఆ చిన్న ఇంజన్లకు ఆయిలు పోసుకునే చోటు వేరే ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపల పిస్టన్‌ను కాపాడాలి. అది లేకపోతే పది నిమిషాల్లో రాపిడికి కాలి పిస్టన్ పట్టేస్తుంది. వాడు కొలగిన్నె పెట్టుకుని మందు కలిపినంత జాగ్రత్తగా కలిపేవాడు. చూసి నవ్వేవాణ్ని.

మొదటి సీజను బాగా జరిగింది. తోటలవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. మట్టి, గడ్డిరసం కలిసి ఆకుపచ్చ మరకలతో సాయంత్రం నా షాపు ముందు ఆగి, టీ తాగి, జమ్మలమడుగు బండెక్కేవాడు. వారానికి మూడు రోజులు ఇక్కడే ఎవరి తోటలోనో పడుకునేవాడు. అయినా మొహంలో ఒక వెలుగు ఉండేది. పాప ఇప్పుడు నాయనా అంటోందని ఒకరోజు చెప్పి, ఆ మాట చెప్పినందుకే సిగ్గుపడ్డాడు.

మార్గశిరంలో గడ్డి ఎండిపోయాక రెండు మిషన్లూ తీసుకుని వచ్చాడు. ఎట్లా పెట్టమంటావన్నా అని అడిగాడు. ఏం చెప్పానో వేరే చెప్పక్కర్లేదు. కడిగి, ట్యాంకు నింపి పెట్టు అన్నాను. "మీ నాయన చెప్పిన మాటే" అని కూడా అన్నాను. వాడి కళ్లు కాస్త తడిశాయి. ఇంటికి తీసుకుపోయి, బోరు నీళ్ల పైపు పెట్టి మట్టి పోయేదాకా కడిగి, తనే కలిపిన పెట్రోలు, ఆయిలు మిక్చరు మూతదాకా పోసి, మెట్ల కింద గోనెసంచులు కప్పి పెట్టాడు.

ఆషాఢంలో వానలు పడ్డాయి. మొదటి తోటలో మొదటి రోజే ఒక మిషను పట్టేసింది. పాతిక లాగులు లాగితే అందుకుందట, పది నిమిషాలు తిరిగి, ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పాను. పిస్టన్ పక్కల నిలువునా గీతలు. లోపలంతా ఎండిపోయినట్టు ఉంది, జిడ్డన్నదే లేదు. ఏ మెకానిక్ చూసినా ఒకే మాట అంటాడు.

"ఆయిలు పోయలేదురా నువ్వు" అన్నాను.

"పోసినా అన్నా. కొలిచి పోసినా."

"పోసుంటే ఇట్లయ్యేది కాదు."

ఆరోజు ఇంకేమీ అనలేదు. మరుపు మనిషికి సహజమే కదా అనుకున్నాను. ప్రొద్దుటూరు పోయి పిస్టన్, సిలిండరు తెచ్చాను. స్పేరుపార్ట్ల షాపాయన ఈ ఏడు పిస్టన్లు, పైపులు పెట్టినవి పెట్టినట్టే అయిపోతున్నాయని, పెట్రోలే మారిపోయింది మామా అని ఏదో చెప్పబోయాడు. సామాను నాసిరకం పెట్టుకుని పెట్రోలు మీదికి తోస్తున్నాడు అనుకుని, సంచి చంకలో పెట్టుకుని వచ్చేశాను. నిలబడి ఇంకో రెండు మాటలు విని ఉంటే ఏమయ్యేదో.

మొదటి మిషను బాగుచేసి ఇచ్చాను. కొత్త మిక్చరు పోస్తే బాగానే తిరిగింది. నాలుగో రోజు, అప్పుడే మొదటిసారి బయటికి తీసి తిప్పిన రెండోది పట్టుకొచ్చాడు. అదీ అంతే. అదే గీతలు, అదే ఎండిపోయిన సిలిండరు. షాపులో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. ఎండకు, ఉక్కకు, భుజం నొప్పికి నేను అప్పటికే కాగి ఉన్నాను. పైగా ఆ మిషన్లు కొనిపించింది నేను. అవి పాడైతే నా పేరు పోతుందన్న కోపం ఒకటి. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆరోజు ఒప్పుకోలేదు.

"ఆయిలుకు గూడా కక్కుర్తి పడితే ఎట్లరా?" అని గట్టిగా అన్నాను.

వాడి మొహం తెల్లబోయింది. "అల్లా తోడు అన్నా, పోసినా. ట్యాంకులో చూడు, మిగిలిందాంట్లో రంగు ఉండాది. నీలంగా ఉండాది సూడు."

నిజమే, ట్యాంకులో మిగిలిన పెట్రోలు నీలంగానే ఉంది. టూటీ ఆయిలు రంగు అది. నేను దాన్ని చూశాను. చూసి, ఇంతకాలం నన్ను నిద్ర పోనివ్వని మాట అన్నాను.

"ఇంజను పట్టేసినంక కలిపి తెచ్చినావులే. పిస్టన్ అబద్ధం చెప్పదు. అంతటి మీ నాయనకు పుట్టి, ఆయిలు కలపడం రాకపాయె, అబద్ధాలొచ్చె."

ట్యాంకులోది నేను పార్ట్లు కడిగే నల్ల డబ్బాలోకి వంపేశాను. వాడు నా చేతిలోంచి పిస్టన్ తీసుకున్నాడు. బల్ల మీద పరిచిన ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి గోనెసంచిలో వేసుకున్నాడు. ఒక చిన్న వాషరు కింద పడితే వంగి దాన్ని కూడా వెతికి తీసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని పోయాడు. నేను పిలవలేదు.

ఒక్క మిషనుతో వాడు కొన్నాళ్లు తిరిగాడని విన్నాను. తోటలవాళ్లకు గడ్డి గింజ పట్టకముందే కోయించుకోవాలి, ఒక్క మనిషి కోసం ఆగరు. మాట ఇచ్చిన తోటల్లో సగానికి వేరేవాళ్లు దిగారు. షాపులో నేనన్న మాట కూడా వాడికంటే ముందే తోటలకు చేరిందట. ఆయిలు లేకుండా మిషన్లు నడిపేవాడు అని. శ్రావణం దాటేసరికి వాడు ఇటువైపు రావడం మానేశాడు. నేను ఫోను చేయలేదు. తప్పు చేసినవాడే ముందు మాట్లాడాలని నా పట్టుదల.

కార్తీకంలో షాపు వెనక కంపచెట్లు, గడ్డి పెరిగి పాములు తిరుగుతున్నాయని పక్కింటావిడ గొడవ చేస్తే, నా సొంత గడ్డి మిషను బయటికి తీశాను. కిందటి మార్గశిరంలో నేనే కడిగి, నేనే కలిపి, నేనే మూతదాకా పోసి అటక మీద పెట్టింది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. భుజం బాగాలేక తాడు లాగే ముందే పాత పెట్రోలు తీసేద్దామనుకున్నాను. పార్ట్లు కడిగే డబ్బా ఆరోజు నిండుగా ఉంది. అందుకని పక్కనే ఉన్న ఖాళీ నీళ్ల సీసాలోకి వంపి, బల్ల మీద పెట్టి టీకి పోయాను.

వచ్చి చూస్తే సీసాలో రెండు పొరలు. పైన నీలంగా పెట్రోలు. కింద రెండు వేళ్ల మందాన నీళ్లలా తెల్లగా ఇంకొకటి. ఊపి పెట్టాను. కాసేపటికి మళ్లీ రెండుగా విడిపోయింది. పైపుతో కింది పొర కొంచెం లాగి వేళ్ల మధ్య రుద్దుకున్నాను. జిడ్డు లేదు. వేళ్లు చల్లబడి, పొడిబారిపోయాయి. వాసన చూస్తే ఘాటుగా సారాయి వాసన.

నేను పెద్ద చదువులు చదవలేదు. అయినా ఆ సీసా ముందు కూర్చుంటే ఒక్కొక్కటే అర్థమైంది. పాత పెట్రోల్లో నీళ్లు పడితే నాలుగు చుక్కలు అడుగున ముత్యాల్లా కూర్చునేవి, పెట్రోలు పెట్రోలుగానే ఉండేది. ఇప్పటి ఇథనాల్ నీళ్లను పిలిచి లోపలికి తీసుకుంటుంది. కడిగినప్పుడు మూత సందులోంచి దిగిన నీళ్లు, నెలల తరబడి గాలిలోంచి పీల్చిన తేమ అన్నీ దానిలో కలిసిపోతాయి. ఇక మోయలేనంత అయ్యాక అది ఆ నీళ్లతో సహా పెట్రోలును వదిలి అడుగుకు దిగిపోతుంది. ఆయిలు మాత్రం పెట్రోలుతోపాటు పైనే ఉండిపోతుంది. మిషను తాగే పైపు ట్యాంకు అడుగునే కదా ఉండేది. ముందు తాగేది ఆ ఆయిలు లేని సారాయి నీళ్లే. పది నిమిషాలు అది తాగి పట్టేస్తుంది. పట్టేశాక ట్యాంకులో మిగిలేది నీలంగానే ఉంటుంది.

మిగతావాళ్ల విషయంలో అయితే ఇంకా ఏదో ఒక సాకు వెతుక్కునేవాణ్నేమో. ఇది నా మిషను. ఆయిలు నా చేత్తో కలిపాను. నా మీద నేను కక్కుర్తి నేరం మోపుకోలేను కదా.

ఆ రోజు షాపు మధ్యాహ్నమే మూసేశాను. మర్నాటి నుంచి వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను. పక్కన పెట్టేముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి, లోపలున్న కాస్తా తాగి దానంతట అదే ఆగిపోయేదాకా ఇంజను తిప్పండి, కలిపిన పెట్రోలు నెలకు మించి దాచొద్దు, ఇంజను మీదికి నీళ్ల పైపు పెట్టొద్దు అని. కొందరు నన్ను ఎగాదిగా చూశారు. "నింపమని నువ్వే గదప్పా చెప్పింది? ఇన్నేండ్లు చెప్పి ఇప్పుడు కాదంటే ఎట్ల?" అని ఒక పెద్దాయన మొహం మీదే అడిగేశాడు. అవును, నేనే చెప్పాను, తప్పు చెప్పాను అన్నాను. ఆయన దగ్గర ఆ మాట అనడం పెద్ద కష్టమనిపించలేదు. ఇంకొకరి దగ్గరా అనిపించలేదు. ఊరందరి దగ్గరా అనగలిగాను.

జమ్మలమడుగు మాత్రం పోలేదు. రేపు పోదాం అనుకునేవాణ్ని. ఒకరోజు అర్జెంటు స్ప్రేయరు వచ్చింది. ఒకరోజు భుజం. ఒకరోజు వాన. ఫోను తీసి వాడి పేరు దాకా వచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్న రోజులు ఎన్నో. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఉన్న మాట చెప్పాలంటే సిగ్గు. అరవైకి దగ్గర పడుతున్నవాణ్ని, వాడి నాయన ఇంట్లో అన్నం తిన్నవాణ్ని, వాణ్ని నలుగురిలో అబద్ధాలకోరన్నాను. అట్లా ఇరవై రోజులు గడిచాయి.

చివరికి ఒక ఆదివారం పొద్దున బండి తీశాను. మూత బిగించిన సీసాను పాత లుంగీలో చుట్టి డిక్కీలో పెట్టాను. ముద్దనూరు మీదుగా పోతుంటే రోడ్డు పొడవునా ఏం చెప్పాలో నోట్లో అనుకుంటూనే ఉన్నాను. ముక్కలుగా తీసుకుపోయిన ఆ రెండో మిషను నేనే బాగుచేసి ఇస్తాను, తోటలవాళ్ల దగ్గరికి నేనే వాడి వెంట పోయి, తప్పు నాది, వీడిది కాదు అని చెబుతాను, వచ్చే వానలకు మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇదంతా చెప్పి ఒప్పించగలననే ధైర్యం ముద్దనూరు దాటాక కొంచెం వచ్చింది.

వాడు ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రా అన్నా" అన్నాడు, ఏమీ జరగనట్టే. భార్య లోపలి నుంచి కుర్చీ తెచ్చింది. పాప వాడి మోకాలికి ఆనుకుని నా చేతిలోని మూట వైపు చూస్తోంది. మూట విప్పి సీసా అరుగు మీద పెట్టి, రెండు పొరలూ చూపించి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

అంతా విని, "అంటే మా నాయన చెప్పింది తప్పా అన్నా?" అన్నాడు.

"ఆయన కాలం పెట్రోలుకు అది కరెక్టేరా. మారింది పెట్రోలు. ఆలోచించకుండా అదే మాట పట్టుకుని ఊరంతా చెప్పింది నేను. తప్పు నాది."

వాడు సీసా చేతిలోకి తీసుకున్నాడు. వెలుగుకు పెట్టి చూశాడు. ఒకసారి ఊపి, విడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఆ రోజు అల్లా తోడని చెప్పినా నువ్వు నమ్మలేదు, పిస్టన్ చెప్పింది నమ్మినావు. ఈ రోజు సీసా చెప్పిందని వచ్చినావు. నన్ను చంకలో ఎత్తుకున్నోడివి గదన్నా. నా మాట ఒకటి చాలకపాయెనా?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను తల వంచుకుని, ఆ మిషను ఇట్లా ఇవ్వు, వారంలో చేసి తెస్తాను, తోటలవాళ్లతో నేను మాట్లాడతాను అని అనుకున్నవన్నీ గబగబా చెప్పేశాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "వీసా కొట్టిచ్చుకున్నా అన్నా. పోయిన వారం సంతకాలు పెట్టినా. వచ్చే బేస్తవారం ఫ్లైటు. మళ్లా ఆ ఇంటికే, రెండేండ్లకు." పాప తల మీద చెయ్యి వేసి, "పది దినాల ముందు తెలిసింటే ఆగిపోతాంటినేమో" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఊరికే అడిగినట్టే అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసిందన్నా ఇది?"

ఇరవై రోజులయింది. సంతకానికి ముందు కావలసినన్ని రోజులు. నోరు తెరిచాను. ఎదురుగా పాప ఉంది. లోపల తలుపు దగ్గర దాని తల్లి నిలబడి ఉంది.

"నిన్ననేరా" అన్నాను.

"సరేలే అన్నా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు వాడు. వెంటనే నమ్మేశాడు. నమ్మి, టీ పెట్టమని లోపలికి కేక వేశాడు.